నొప్పి ఆగిందంటే పన్ను బాగైనట్టు కాదు: పళ్ళపై అపోహలు – వాస్తవాలు

అపోహ: "నొప్పి దానంతట అదే పోయింది, ఇంక డాక్టరు దగ్గరికి ఎందుకు?"

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల ఎంతోమంది పళ్ళు పోగొట్టుకోవడానికి ఈ మాటా ఒక కారణం. పుచ్చు ఎట్లా ముదురుతుందో వరసగా చూడండి. పంటి పైపొర ఎనామిల్‌లో నరం ఉండదు, కాబట్టి అక్కడ గుంట పడుతున్నా మీకు తెలియదు. గుంట దాని కింది పొర డెంటిన్‌ను తాకాక చల్లనీళ్ళు తగిలితే జివ్వుమంటుంది, మింగగానే పోతుంది. ఆ దశలో వస్తే సాధారణంగా ఒక ఫిల్లింగ్‌తో, ఒకే పూటలో పని అయిపోతుంది.

ఆ తర్వాతి దశలో జివ్వుమనడం నిమిషాల తరబడి ఆగదు. వేడి కాఫీకి లాగుతుంది. పడుకోగానే పోట్లు మొదలవుతాయి. తల వాల్చినప్పుడు పంటి లోపల రక్తపు ఒత్తిడి పెరుగుతుంది, నరం వాచినా చుట్టూ గట్టి గోడే కాబట్టి ఉబ్బడానికి చోటుండదు. పుక్కిట్లో చల్లనీళ్ళు పట్టుకుని తెల్లవార్లూ కూర్చునేవాళ్ళు ఈ దశలో ఉన్నవాళ్ళే. నాలుగు రోజులు అలా బాధపెట్టి, ఒక పొద్దున నొప్పి మాయమవుతుంది. చచ్చింది నరం. క్రిములు బతికే ఉన్నాయి. అవి వేరు కొసను దాటి ఎముకలోకి దిగి, వారాలకో నెలలకో చిగురు మీద చీము పొక్కుగానో బుగ్గ వాపుగానో బయటపడతాయి.

మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న యాంటీబయాటిక్ ఇక్కడ వ్యాధిని నయం చేయదు. చచ్చిన నరానికి రక్తం అందదు, రక్తంతో వెళ్ళే మందూ అందదు. లోపలి కాలువలను శుభ్రం చేసి మూసేయాలి, లేదా పన్ను తీసేయాలి. రూట్ కెనాల్ అంటే చేసేది ఆ శుభ్రమే. ఎక్కువమంది తప్పు చేసేది దాని తర్వాత: నొప్పి లేదు కదా అని క్యాప్ వేయించుకోరు. లోపల డొల్లైన దవడ పన్ను ఒకరోజు చెక్కలు నములుతుంటే నిలువునా చీలుతుంది. చీలిక వేరులోకి దిగితే ఇంక ఆ పన్నును నిలబెట్టలేం.

పంటి మీద నొప్పి మాత్ర పొడి పెట్టకండి, చిగురు కాలి తెల్లగా ఊడుతుంది. లవంగ నూనె దూదికి ఒక చుక్క అద్ది గుంటలో పెడితే కాసేపు ఉపశమనం ఉంటుంది, అంతకు మించి ఏమీ చేయదు. పుచ్చులో పురుగు అనేది అసలు ఉండదు, ఎవరైనా తీసి చూపించినా నమ్మకండి.

అపోహ: "పై పండ్లు పీకిస్తే కండ్లు దెబ్బతింటాయంట."

చూపు నరం వేరు, పంటి నరం వేరు. చూపుది రెండో కపాల నాడి, పళ్ళది అయిదోది. పన్ను తీసినందుకు చూపు తగ్గదు. ప్రమాదం తీయకుండా వదిలేస్తేనే: పై కోరపంటి చీము కంటి కిందకు పాకి రెప్ప తెరవలేనంతగా వాస్తుంది. జ్వరంతో కన్ను మూసుకుపోయినా, మింగడం కష్టమైనా, నోరు తెరుచుకోకపోయినా తెల్లవారేదాకా ఆగకండి, అప్పటికప్పుడు ఆసుపత్రికి వెళ్ళండి.

అపోహ: "చక్కెరే చెడ్డది, బెల్లం మంచిదే."

చిత్తూరు బెల్లమైనా సరే, పంటికి చక్కెరే. క్రిములు దాన్నీ ఆమ్లంగా మారుస్తాయి, ఆ ఆమ్లం సద్దుమణగడానికి ఉమ్ముకు దాదాపు అరగంట పడుతుంది. కాబట్టి ఎంత తిన్నారన్నదాని కన్నా ఎన్నిసార్లు తిన్నారన్నది ముఖ్యం. కొండ నుంచి తెచ్చిన లడ్డూ భోజనం తర్వాత ఒక్కసారిగా తిని నీళ్ళు పుక్కిలిస్తే పంటికి జరిగే నష్టం తక్కువ. డబ్బా పక్కన పెట్టుకుని రోజంతా చిటికెడు చిటికెడు తింటే నోరు రోజంతా ఆమ్లంలోనే ఉంటుంది.

అపోహ: "క్లీనింగ్ చేయిస్తే పండ్లు కదులుతాయి."

పళ్ళకు పట్టిన మెత్తటి పాచి కొద్దిరోజుల్లోనే సున్నంలా గట్టిపడుతుంది, అదే గార. ఇది ఎక్కువగా కింది ముందుపళ్ళ వెనక పేరుకుంటుంది, ఉమ్ము గ్రంథుల రంధ్రాలు అక్కడే తెరుచుకుంటాయి కాబట్టి. చిగురును, ఎముకను తినేసిన గారే ఆ పళ్ళను అతికించి పట్టుకుని ఉంటుంది. దాన్ని తీస్తే అప్పటికే ఉన్న వదులు, సందులు బయటపడతాయి. కొన్నాళ్ళు పళ్ళు జివ్వుమంటాయి, చిగురు గట్టిపడేకొద్దీ తగ్గుతుంది. తోముతుంటే రక్తం వచ్చినా తోమడం ఆపకూడదు. మెత్తటి బ్రష్‌ను చిగురు అంచుకు ఏటవాలుగా ఆనించి చిన్నగా కదుపుతూ, రోజుకు రెండుసార్లు, రెండేసి నిమిషాలు తోమండి. బొగ్గుపొడి, ఇటుకపొడి, ఉప్పు రాపిడికి ఎనామిల్ అరిగిపోతుంది, అది మళ్ళీ పుట్టదు.

అపోహ: "పాలపండ్లే కదా, ఎట్లాగూ ఊడిపోతాయి."

పాల దవడపళ్ళు పది, పన్నెండేళ్ళ దాకా ఉంటాయి. అంతకన్నా పెద్ద పొరపాటు ఇంకోటుంది. ఆరేళ్ళకు, పాలపళ్ళ వరసకు వెనకాల, ఏ పన్నూ ఊడకుండానే ఒక దవడ పన్ను వస్తుంది. అది శాశ్వత పన్ను. దాన్ని పాలపన్ను అనుకుని వదిలేస్తే ఎనిమిదేళ్ళకే పుచ్చిపోతుంది, దాని స్థానంలో ఇంకోటి రాదు. బిడ్డకు ఆరేళ్ళు నిండగానే వెలుతురులో నోరు తెరిపించి వెనక చూడండి. దాని మీద నల్లటి గాడి కనిపిస్తే వెంటనే చూపించండి.

అపోహ: "గోధుమరంగు మచ్చలు సరిగా తోమక వచ్చాయి."

చిత్తూరు, తిరుపతి ప్రాంతంలో కొన్ని ఊళ్ళ బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీరు దొరకకపోతే 1.5 వరకు అన్నది మన దేశ ప్రమాణం. మచ్చ పడేది ఎనామిల్ తయారవుతున్న పసితనంలో, అందుకే తోమితే పోదు, క్లీనింగ్‌తోనూ పోదు. ఆ పిల్లలను మురికి నోరు అని దెప్పడం అన్యాయం. నిమ్మకాయ, వంటసోడా రుద్దితే పన్ను ఇంకా పాడవుతుంది. పైపొర సన్నగా సానబెట్టడం, బ్లీచింగ్, వెనీర్ (పంటి మీద అతికించే పలుచటి పొర) లాంటి చికిత్సలున్నాయి, మచ్చ లోతును బట్టి ఏదో ఒకటి సరిపోతుంది. నీళ్ళు కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు, ఆవిరైనకొద్దీ చిక్కబడుతుంది. పసిపిల్లలకు ఆర్ఓ నీళ్ళు పట్టండి.

అపోహ: "పొగాకు లేదు, ఒట్టి వక్కే."

వక్క ఒక్కటే అయినా క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో తేల్చింది. బుగ్గ లోపలి పొర తోలులా బిగుసుకుపోతుంది, కారం తగిలితే మంట పుడుతుంది, నోరు మెల్లమెల్లగా మూసుకుంటుంది. ఇది కూడా చాలాకాలం నొప్పి లేకుండానే ముదురుతుంది. అద్దం ముందు నిలబడి మీ మూడు వేళ్ళు ఒకదాని మీద ఒకటి నిలువుగా పెట్టి ముందుపళ్ళ మధ్య దూర్చండి. రెండు వేళ్ళే పడుతున్నా, రెండు వారాలైనా మానని పుండు, తెల్లటి లేదా ఎర్రటి మచ్చ ఉన్నా ఈ వారమే చూపించుకోండి.