లినక్స్ వేయించుకునే ముందు: అపోహలు - వాస్తవాలు

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్ట్ ఆగిపోయింది, అప్పట్నుంచి పాత ల్యాప్‌టాప్‌లు పట్టుకొచ్చి, విండోస్ బదులు వాడుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ వేయమని అడిగేవాళ్లు బాగా పెరిగారు. వేస్తాను, సంతోషంగా వేస్తాను, కానీ ముందు కొన్ని విషయాలు చెప్పాలి.

అపోహ: కమాండ్లు రాకపోతే కష్టం.
అస్సలు కాదు. కొత్తవాళ్లకి నేను వేసేది లినక్స్ రకాల్లో ఒకటైన లినక్స్ మింట్. విండోస్‌కి అలవాటైనవాళ్లు మెనూ చూడగానే వాడేస్తారు, మింట్ 22 సిరీస్‌కి 2029 ఏప్రిల్ దాకా అప్‌డేట్లు వస్తాయి. ర్యామ్ 4 జీబీనే అయితే మింట్ డెస్క్‌టాప్‌లలో సినమన్ బదులు తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ తీసుకోండి.

అపోహ: వేశాకగానీ ఏది పనిచేస్తుందో తెలీదు.
పెన్‌డ్రైవ్ నుంచి లైవ్‌లో (అంటే ఇన్‌స్టాల్ చేయకుండానే) బూట్ చేస్తే హార్డ్‌డిస్క్‌ని ముట్టుకోకుండానే అన్నీ చూసుకోవచ్చు, వైఫై, సౌండ్, కెమెరా, బ్రైట్‌నెస్, మూత వేసి తీస్తే మళ్లీ లేస్తుందా లేదా, ఇవన్నీ ఓపిగ్గా చూడండి, ప్రింటర్ ఉంటే అదీ తగిలించి ఒక పేజీ తీయండి. బ్రాడ్‌కామ్ వైఫై కార్డులకి ఒక్కోసారి డ్రైవర్ విడిగా వేయాలి, అప్పుడు ఫోన్‌ని కేబుల్‌తో పెట్టి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేసి, ఆ ఫోన్ నెట్‌తో మింట్‌లోని డ్రైవర్ మేనేజర్ తెరిస్తే సరిపోతుంది.

అపోహ: విండోస్ పక్కన వేస్తే సిస్టమ్ పాడవుతుంది.
డేటా బ్యాకప్ తీసి, పార్టిషన్ (డిస్క్‌ని భాగాలుగా విడగొట్టడం) జాగ్రత్తగా చేస్తే ఏం కాదు. విండోస్‌లో టైమ్ ఐదున్నర గంటలు తేడా చూపిస్తే కంగారుపడకండి, లినక్స్ మదర్‌బోర్డు గడియారాన్ని యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంచుతుంది, విండోస్ దాన్ని మన టైమే అనుకుంటుంది. టెర్మినల్‌లో (లినక్స్‌లో కమాండ్లు టైప్ చేసే విండోలో) ఒక్క లైన్‌తో సరిచేయొచ్చు. లినక్స్‌లో ఉండగా డీ డ్రైవ్‌లో ఫైల్ సేవ్ కావట్లేదంటే మాత్రం విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ అనే సెట్టింగ్ ఆపేయండి.

అపోహ: లినక్స్‌లో విండోస్ ప్రోగ్రాములు నడిపే వైన్ ఉందిగా, విండోస్‌వి అన్నీ నడుస్తాయి.
ఇక్కడే మనవాళ్లు ఎక్కువ నష్టపోతారు. వాలొరెంట్ గేమ్ నడవదు. అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో పనిచేసే డీటీపీవాళ్లకి నేను సూటిగా చెప్తాను, ఆ సిస్టమ్‌లో విండోస్‌ని కదపొద్దు, ఆ అక్షరాలు యూనికోడ్ (అన్ని సిస్టమ్‌లకీ ఒకటే అయిన అక్షరాల కోడ్) కావు, ఏళ్లనాటి పెళ్లికార్డులూ పుస్తకాలూ అన్నీ ఆ ఫైళ్లలోనే ఉంటాయి, వాటి మీద బతికే మనిషితో ప్రయోగాలు చేయకూడదు. యూనికోడ్ తెలుగు టైప్ చేసేవాళ్లకి ఏ ఇబ్బందీ లేదు, లినక్స్‌లో టైపింగ్ చూసుకునే ఐబస్‌లో తెలుగు టైపింగ్ పద్ధతులు ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్ రెండూ ఉన్నాయి. విండోస్‌లోని గౌతమి ఫాంట్‌తో చేసిన వర్డ్ ఫైల్‌ని, లినక్స్‌లో వర్డ్ బదులు వాడే లిబ్రేఆఫీస్‌లో తెరిస్తే లైన్లు జరగొచ్చు, అందుకే ఆఫీసుకి పంపేది పీడీఎఫ్ చేసి పంపండి.