పాటకు కాదు, మన చేతికి ఆడే కుక్క

పాట మోగుతుంటే మనిషి పక్కనే అడుగులు వేస్తూ, కాళ్ల మధ్య నుంచి దూరుతూ, గిరుక్కున తిరిగే కుక్కను చూస్తే దానికి తాళజ్ఞానం ఉందనిపిస్తుంది. నిజానికి ‘కెనైన్ ఫ్రీస్టైల్’ అనే ఈ విద్యలో పాట ఉన్నది చూసేవారి కోసమే. పాట వేగం మారిస్తే స్నోబాల్ అనే కాకటూ పక్షి తన ఊపునూ మార్చుకుంటుందని 2009లో పరిశోధకులు నిరూపించారు. రోనన్ అనే సీ లయన్ (సీల్ లాంటి సముద్ర జంతువు) కూడా తాళానికి తల ఊపగలదని 2013లో తేలింది. కుక్కలకు ఆ శక్తి ఉందనడానికి మాత్రం ఇంతవరకు గట్టి ఆధారం లేదు. కుక్క గమనించేది మన చేతిని, భుజాన్ని, నడకను. కాబట్టి శిక్షణ మొదట మన చేతికే కావాలి.

బ్రిటన్‌లోని క్రఫ్ట్స్ శునక ప్రదర్శనలో శిక్షకురాలు మేరీ రే 1990ల నుంచి చేసి చూపిన నృత్యాలు ఈ విద్యకు పేరు తెచ్చాయి. దీని వెనకున్న శాస్త్రం మనకు కొత్తేమీ కాదు. డీఎస్సీకి, టెట్‌కు చదివినవారికి, జీవులు ఎలా నేర్చుకుంటాయో చెప్పిన థారన్‌డైక్, పావ్‌లోవ్, స్కిన్నర్ పేర్లు కంఠతా వచ్చు. మంచి ఫలితమిచ్చిన పనిని జీవి మళ్లీ చేస్తుందని చెప్పే థారన్‌డైక్ ఫలిత నియమమే ఇక్కడా పునాది. 1951లో స్కిన్నర్ ‘సైంటిఫిక్ అమెరికన్’ పత్రికలో రాస్తూ, టిక్కుమనే చిన్న ఆటబొమ్మతో కుక్కకు పని నేర్పే పద్ధతి వివరించారు. నేటి క్లిక్కర్ దాని వారసురాలే. శబ్దం, వెంటనే ఉడికించిన చికెన్ ముక్క. మళ్లీ శబ్దం, మళ్లీ ముక్క. కొన్నాళ్లకు ఆ శబ్దమే బహుమతికి మాట ఇచ్చినట్టవుతుంది. కోతుల మెదడులో డోపమిన్ అనే రసాయనాన్ని విడుదల చేసే కణాలను పరిశీలించిన నాడీ శాస్త్రవేత్త వుల్ఫ్‌రామ్ షుల్జ్ 1990లలో సరిగ్గా ఇదే చూశారు. మొదట పండ్లరసం అందినప్పుడు ఉత్తేజితమైన ఆ కణాలు, నేర్చుకున్నాక రసం రాబోతోందని చెప్పే సంకేతానికే స్పందించాయి.

అందుకే క్లిక్కు పడే క్షణం చాలా ముఖ్యం. కుక్క గుండ్రంగా తిరుగుతుండగా క్లిక్కు పడితే తిరగడం నేర్చుకుంటుంది. తిరిగి, ఆగి, మన ముఖం చూశాక పడితే ఆగడం నేర్చుకుంటుంది.

చాలామంది ఆ తిరగడంతోనే మొదలుపెడతారు. నేనైతే పీటతో మొదలుపెట్టమంటాను. ఇంట్లో మూలనున్న చెక్క పీట తీసి, జారకుండా కింద రబ్బరు చాప వేయండి. ముక్కను కుక్క ముక్కు దగ్గర పెట్టి పీట మీదుగా ముందుకు జరపండి. ముందుకాళ్లు రెండూ పీట ఎక్కగానే క్లిక్ చేయండి. అది అలవాటయ్యాక కుక్కకు ఎదురుగా నిలబడి పక్కకు అరడుగు జరగండి. మనల్ని చూడాలని ఒళ్లు తిప్పుతుంది. ముందుకాళ్లు పీట మీదే ఉంటాయి, కాబట్టి వెనక కాలు ఒకటి పక్కకు పడక తప్పదు. క్లిక్కు సరిగ్గా ఆ అడుగుకే పడాలి. కుక్క ముందుకాళ్లు ఎక్కడ పెడుతుందో చూసుకుంటుంది. వెనక కాళ్లు వాటి వెంట వచ్చేస్తాయి, అంతే. వెనక్కి నడవాలన్నా, పక్కకు జరగాలన్నా, మన కాలికి అంటుకున్నట్టు తిరగాలన్నా ఆ వెనక కాళ్ల మీద ధ్యాస కావాలి. ఆ ధ్యాస పీట దగ్గర కుదురుతుంది. ఒకవైపు సులువుగా, మరోవైపు తడబడుతూ తిరిగితే కంగారు పడకండి; తడబడే వైపు కాస్త ఎక్కువ సాధన చేయించండి.

మాటలు తర్వాత. ఇటలీ పరిశోధకులు 2016లో మాట ఒకటి, చేతి సైగ ఇంకొకటి ఇచ్చి చూస్తే కుక్కలు ఎక్కువగా సైగనే అనుసరించాయి. అందుకే ముందు సైగ కుదరాలి. ఆ తర్వాత ‘తిరుగు’ అని పలికి, ఒక్క క్షణం ఆగి సైగ చేస్తే మాటకూ అర్థం పడుతుంది. అమ్మ ‘తిరుగు’ అని, పిల్లలు ‘రౌండ్’ అని, తాతయ్య ‘చుట్టూ’ అని పిలిచే ఇంట్లో పాపం కుక్క ఏమి నేర్చుకుంటుంది?

హైదరాబాద్ ఫ్లాట్లలోని నున్నటి టైల్స్ ఈ సాధనకు పనికిరావు. కాళ్లు జారి కీళ్లు దెబ్బతింటాయి. చాప తప్పనిసరి. కుక్కకు చెమట పట్టేది పాదాల్లోనే. వేడిని ప్రధానంగా రొప్పుతూ వదిలించుకుంటుంది. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటే ఊళ్లో తెల్లవారుజామునే సాధన ముగించాలి. పగ్ లాంటి పొట్టి ముక్కు జాతులకు ఇంకా జాగ్రత్త అవసరం. ఉల్లిపాయ కుక్కకు విషం, కనుక కూరలోని ముక్క వద్దు. ఎముకలు పూర్తిగా ఎదగని కుక్కపిల్లలతో గెంతులు వేయించవద్దు. వెనక కాళ్ల మీద నడిపించడం చూడముచ్చటగా ఉంటుందేమో గానీ నడుముకూ తుంటికీ భారం; నేను దాన్ని కోరను.

జాతి కుక్కే కావాలనీ లేదు. మన వీధుల్లోంచి ఇంటికి తెచ్చుకున్న దేశవాళీ కుక్కల తేలికైన ఒళ్లు, చురుకైన నడక ఈ విద్యకు చక్కగా సరిపోతాయి.

పాటను ఆఖరున ఎంచుకోండి. కుక్క హుషారుగా నడుస్తుండగా ఫోనులో వీడియో తీసి, పది సెకన్లలో దాని ముందుకాళ్లు ఎన్నిసార్లు నేలను తాకాయో లెక్కపెట్టి ఆరుతో గుణించండి. నిమిషానికి ఆ అంకెకో, అందులో సగానికో దగ్గరగా దరువులు పడే పాట వెతకండి. తీన్‌మార్ అందరికీ ఇష్టమే గానీ, కుక్క చెవులు మన చెవుల కన్నా సున్నితమైనవి. దరువు ఏదైనా శబ్దం తగ్గించి వినిపించండి. కదలికలను కలిపేటప్పుడు చివరిదాన్ని ముందు నేర్పి, దానికి ముందుండేదాన్ని తర్వాత చేర్చండి. అప్పుడు ప్రతి అడుగూ కుక్కను బాగా తెలిసిన చోటికి, బహుమతి దగ్గరికి తీసుకెళుతుంది. హాల్లో వచ్చినదంతా సెల్లార్‌లో మరిచిపోయినట్టు కనిపిస్తే అది మొండితనం కాదు. చోటు మారితే కుక్కకు అది కొత్త పాఠమే. అక్కడ మళ్లీ పీట వేసి, మొదటి అడుగు నుంచి నేర్పండి.