ఆర్మగాన్ తిన్నె, దాని దీపం

దుగరాజపట్నం ఎదురుగా సముద్రంలో మునిగి ఉన్న ఇసుక తిన్నెను నావిక పటాలు ఆర్మగాన్ షోల్ అంటాయి. 1620ల్లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఇక్కడ కొఠీ, అంటే వర్తక స్థావరం, పెట్టింది. 1639లో ఫ్రాన్సిస్ డే మద్రాసు స్థలం సంపాదించాక ఈ రేవు వెనకబడింది. కొఠీ పోయింది, తిన్నె పోలేదు. మోనపాలెం దగ్గరి దీపస్తంభం అవసరం దానితోనే వచ్చింది.

విశాఖలోనైతే కొండ మీద పొట్టి స్తంభం కట్టినా సరిపోతుంది. ఈ పాత నెల్లూరు జిల్లా తీరంలో కొండ ఏది? ఇసుక, తాటిచెట్లు, సరుగుడు తోపులు. ఎత్తంతా కట్టడమే ఇవ్వాలి. దీపం ఎత్తు మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 2.08తో గుణిస్తే అది కనిపించే దూరం నాటికల్ మైళ్ళలో (ఒక్కొక్కటి 1.852 కిలోమీటర్లు) వస్తుంది. చూసేవాడి కంటి ఎత్తుకూ ఇదే లెక్క, రెండూ కలపాలి. ఉదాహరణకు దీపం 36 మీటర్ల ఎత్తున, ఓడ మీది కన్ను 9 మీటర్ల ఎత్తున ఉంటే సుమారు 35 కిలోమీటర్లు. పడవలో కూర్చున్నవాడికి, కన్ను 1 మీటరు ఎత్తునే కాబట్టి, 27. ఈ లెక్కలో పిసినారితనం ఉంది: స్తంభం వాటా దూరం రెట్టింపు కావాలంటే ఎత్తు నాలుగింతలు పెంచాలి.

వత్తి దీపం వెలుగు సగానికి పైగా ఆకాశానికీ నేలకీ పోతుంది. 1822లో ఫ్రెంచి భౌతిక శాస్త్రవేత్త ఫ్రెనెల్ కటకాన్ని మెట్లుమెట్లుగా గాజు వలయాలుగా విడగొట్టాడు. నడిమి వలయాలు కాంతిని వంచుతాయి, పైవీ కిందవీ లోలోపలే పరావర్తనం చేసి అడ్డంగా సముద్రం మీదికి పంపుతాయి. నాలుగు పలకల కటకం 40 సెకన్లకు ఒక చుట్టు తిరిగితే ఓడకు 10 సెకన్లకో మెరుపు. నావికుడు గడియారం పట్టుకుని లెక్కపెట్టి, దీపాల పట్టికలో చూసి, ఇది ఫలానా ఊరు అని తేల్చుకుంటాడు. అందుకే వేగం మందగించి మెరుపు 12 సెకన్లకు జారితే అది చిన్న లోపం కాదు. ఆరిన దీపం ఏమీ చెప్పదు, ఇది ఊరే తప్పు చెబుతుంది.

టన్నుల బరువున్న పాత కటకాలను పాదరసం తొట్టిలో తేల్చేవారు. వేలితో నెట్టినా కదిలేవి. పాదరసం మీద మురికి తెట్టు కడితే తిరుగుడు బరువెక్కేది. దాని ఆవిరి మనిషికి విషం కూడా.

ఉప్పుగాలి పట్టిన గాజును పొడిగుడ్డతో తుడవకూడదు, ఇసుక గీతలు పడతాయి. ముందు మంచినీళ్ళతో కడగాలి. పగలు తెర కట్టడం మరిచిపోతే ఎండ కటకంలోంచి వెనక్కి నడిచి దీపం మీదే కేంద్రీకరించి దాన్ని కాల్చేస్తుంది.