తాతయ్య షుగరు మాత్ర

బెంగళూరు, ఆదివారం

చిట్టీ, బుజ్జీ,

దసరా సెలవుల్లో నేను మాత్ర వేసుకుంటుంటే "దీన్నెలా చేస్తారు తాతయ్యా?" అని అడిగారు. ఇంతలో అమ్మమ్మ అన్నానికి పిలిచింది, బతికిపోయాను. ఇప్పుడు చెబుతాను.

ఆ రోజు బుజ్జిగాడు కుడి చెప్పు ఎడమకాలికి తొడుక్కుని మెట్లు దిగబోయాడు, గుర్తుందా? ఒకే తోలు, ఒకే కొలత, అయినా పనికిరాలేదు. మందుల అణువుల్లో చాలావాటికి ఇలాగే కుడి ఎడమలుంటాయి. నా మాత్రలోని మందు పేరు సిటాగ్లిప్టిన్, అందులో ఒక రకమే కావాలి.

మామూలుగా చేస్తే రెండూ కలిసి వస్తాయి. అందుకని మొదట్లో రోడియం అనే ఖరీదైన లోహం వాడి, గట్టి ఒత్తిడి మీద హైడ్రోజన్ పట్టించేవారు. అయినా రెండో రకం కాస్త మిగిలేది. దాన్ని ఏరెయ్యాలి, రోడియం జాడ లేకుండా తియ్యాలి. ఆ మందు నేను చెయ్యలేదు గానీ అలాంటి హైడ్రోజన్ రియాక్టర్ల దగ్గర పదేళ్లు పనిచేశాను. ఓ నైట్ షిఫ్టులో గాస్కెట్ దగ్గర బుస్సుమంది. అన్నీ కట్టేసి ఒకటే పరుగు! ఇప్పటికీ కుక్కర్ కూస్తే ఉలిక్కిపడతాను.

అదే పని ఎంజైముతో చేయిస్తే ఆ హంగామా అక్కర్లేదు. అదొక రసాయన మార్పులు జరిపించే ప్రోటీను, అందులో చిన్న గుంట. అణువు ఆ గుంటలో ఒకే వాటంగా కూర్చోగలదు, కాబట్టి ఎప్పుడూ ఒకే కాలి చెప్పు తయారవుతుంది. మాంసానికి అమ్మమ్మ పచ్చిబొప్పాయి ముద్ద పట్టించేది కూడా ఎంజైము కోసమే, దాని పేరు పపైన్. 1978లో ఇక్కడ బయోకాన్ అనే కంపెనీ మొదలైనప్పుడు చేసిన తొలి సరుకుల్లో అదొకటి.

చిక్కల్లా, సిటాగ్లిప్టిన్ చేసే ఎంజైము దొరకలేదు. మెర్క్, కోడెక్సిస్ కంపెనీల వాళ్లు దగ్గరిదాన్ని పట్టుకొస్తే, అణువు పెద్దది, గుంటలో పట్టనే లేదు. అప్పుడేం చేశారంటే, ముందు అణువులో ఒక ముక్కకి గుంట సరిపడేలా మార్చారు. ఆపైన ఆ ఎంజైము తయారీకి మూలమైన జన్యువులో మార్పులు చేస్తూ వేలకొద్దీ రకాలు తయారుచేసి, బాగా పనిచేసినదాన్ని ఉంచుకుని, మళ్లీ దాన్నే మార్చారు. చివరికి ఎంజైము 27 చోట్ల మారింది. 2010లో ఆ సంగతి ప్రకటించారు. వచ్చిన సరుకులో 99.9 శాతానికి పైగా కావలసిన రకమే! ఇలా ఎంజైములకి మెరుగులు దిద్దే దారి చూపినందుకే అమెరికా శాస్త్రవేత్త ఫ్రాన్సెస్ ఆర్నాల్డ్‌కి 2018లో నోబెల్ వచ్చింది. నాకైతే ఆ ఓపికే ముచ్చటేస్తుంది.

అన్నట్టు, బుజ్జిగాడి చెప్పొకటి మంచం కింద దొరికింది. ఎడమది. సంక్రాంతికి తెస్తాను.

మీ తాతయ్య