'చల్తా హై' భక్తి: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్ మౌలాలిలో మాది చిన్న క్రైస్తవ సంఘం. రేకుల షెడ్డు, నూట ఇరవై ప్లాస్టిక్ కుర్చీలు. పద్దెనిమిదేళ్ల కాపరి పనిలో నేను ఎక్కువసార్లు విన్న మాట 'హల్లెలూయ' కాదు, 'చల్తా హై అయ్యగారూ'. అంటే, ఎలా ఉన్నా నడిచిపోతుందిలే అని. మైకు గరగరలాడినా చల్తా హై, సండే స్కూల్ టీచరు పాఠం చూసుకోకుండా వచ్చినా చల్తా హై. దీనికి బైబిలు వాక్యాన్ని అడ్డం పెట్టుకునేవాళ్లూ ఉన్నారు. వాళ్లు చెప్పే సాకులే ఇవి.

అపోహ: నాకున్నది ఒక్క తలాంతే, నావల్ల ఏమవుతుంది?

వాస్తవం: మన సంఘాల్లో తలాంతు అంటే పాడటం, కీబోర్డు వాయించడం అని స్థిరపడిపోయింది. యేసు చెప్పిన ఉపమానంలో అది డబ్బు, వెండి తూకం. ఒక యజమాని ముగ్గురు దాసులకు ఐదు, రెండు, ఒకటి చొప్పున తలాంతులు అప్పగించి ఊరెళ్తాడు, మొదటి ఇద్దరూ వ్యాపారం చేసి రెట్టింపు చేస్తారు. ఒక తలాంతు సుమారు 6,000 దేనారాలు. ఒక దేనారం ఒక రోజు కూలి. మన అడ్డా కూలీ లెక్కలో రోజుకు 800 వేసుకోండి, 48 లక్షలవుతుంది. దాదాపు ఇరవై ఏళ్ల రెక్కల కష్టం. 'పాపం ఒక్కటే' అని మనం జాలిపడే ఆ మూడోవాడు గుంట తవ్వి పాతిపెట్టింది అంత సొమ్ము! వాడు దొంగిలించలేదు, తాగి తగలెయ్యలేదు. ఇచ్చింది ఇచ్చినట్టే తెచ్చి అప్పజెప్పాడు. అయినా సోమరి అనిపించుకున్నాడు. ఇంకో సంగతి, ఐదు తలాంతులవాడికీ రెండు తలాంతులవాడికీ దక్కిన మెప్పు ఒక్కటే, మాట తేడా లేదు. పక్కింటి పిల్లాడి పాటతో మీవాడి పాటను పోల్చుకుని బాధపడుతున్నారా, ఇక మానెయ్యొచ్చు.

అపోహ: ఉన్నదానితో తృప్తిపడటమే భక్తి.

వాస్తవం: ఏ స్థితిలో ఉన్నా తృప్తిగా ఉండటం నేర్చుకున్నానని అపొస్తలుడైన పౌలు ఫిలిప్పీయులకు రాసిన లేఖలో అన్నది నాలుగో అధ్యాయంలో. ఇంకా గురి చేరలేదు, పరుగెత్తుతూనే ఉన్నానని రాసింది దాని ముందు అధ్యాయంలోనే. రెండూ సంకెళ్లలో ఉండి రాసినవే. తృప్తి కూటికీ గుడ్డకీ సంబంధించింది, పరుగు తన నడతకీ పనికీ సంబంధించింది. మనం దాన్ని తిరగేశాం. ప్లాటు ఎన్ని గజాలున్నా చాలదు, కోపం తగ్గించుకోవడం దగ్గరికొచ్చేసరికి 'నా స్వభావమే అంత'.

అపోహ: కృప ఉండగా ప్రయాస ఎందుకు?

వాస్తవం: 'కృప వల్లే ఇలా ఉన్నాను' అన్న పౌలే, అదే వచనంలో అందరికంటే ఎక్కువ ప్రయాసపడ్డానన్నాడు. 1 కొరింథీ 15:10. చూసుకోండి.

అపోహ: నులివెచ్చగా ఉండేకన్నా పూర్తిగా చల్లారిపోవడమే దేవునికి నయం.

వాస్తవం: ప్రకటన గ్రంథం మూడో అధ్యాయంలో యేసు లవొదికయ ఊరి సంఘంతో, నువ్వు చల్లగానూ లేవు వెచ్చగానూ లేవు, నులివెచ్చగా ఉన్నావు గనక ఉమ్మేస్తానంటాడు. అది పట్టుకుని నేనూ చాలా ఏళ్లు ఇలాగే ప్రసంగించాను. లవొదికయ చుట్టుపక్కల నీళ్ల సంగతి తెలిశాక మానేశాను. దగ్గర్లోని హియెరాపొలిలో వేడినీటి ఊటలు, కొలొస్సయిలో చల్లటి నీళ్లు. లవొదికయకు మాత్రం దూరం నుంచి గొట్టాల్లో రావాల్సిందే. మే నెలలో రంజన్ నీళ్లు, వానాకాలంలో ఇరానీ చాయ్, రెంటికీ గిరాకీ ఉంది. నులివెచ్చని చాయ్ ఎవరు తాగుతారు? ఆ ఊళ్లో డబ్బుకు కరువు లేదు. క్రీ.శ. 60లో భూకంపానికి కూలిపోతే రోమా సాయం లేకుండా సొంత సొమ్ముతో కట్టుకున్నారని రోమా చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. అదే అధ్యాయంలోని 'నాకేమీ కొదవ లేదు' అనే మాట అక్కడి సంఘం నోట రావడంలో వింత లేదు. ఈ జబ్బు డబ్బున్న పెద్ద సంఘాలదే అనుకోకండి, మా రేకుల షెడ్డుకీ తగులుకుంది.

అపోహ: ఇన్నేళ్ల సేవ తర్వాత కొత్తగా నేర్చుకునేదేముంది?

వాస్తవం: ఈ అపోహ నాది. ఇంట్లో పెళ్లి పనులున్న ఒక వారం, టెన్షన్ ఎందుకులే అని పాత నోటుబుక్కు తీసి ప్రసంగం కానిచ్చేశాను. గుమ్మం దగ్గర ఒక పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది. 'అయ్యగారూ, పోయినేడు మట్టల ఆదివారం నాడు గిదే చెప్పిన్రు గదా, ఆ గొర్రెపిల్ల కథతోని సహా' అంది. చదువు రాని మనిషి. నా ముఖం చెల్లలేదు. చావు దగ్గరపడ్డ పౌలు చెరలో నుంచి తన శిష్యుడు తిమోతికి రాస్తూ, అంగీతో పాటు పుస్తకాలు, ముఖ్యంగా చర్మపు కాగితాలు తెమ్మన్నాడు. నాకేమో అప్పటికి నలభై తొమ్మిదే.

ఆ నోటుబుక్కును మా ఆవిడ అటకెక్కించింది. శనివారం రాత్రి పదకొండు దాకా టేబుల్ దగ్గరే కూర్చుంటున్నాను. పెద్దమ్మ మాత్రం నమ్మలేదు. ప్రతి ఆదివారం చెప్పులు విడుస్తూనే అడుగుతుంది, 'ఇయ్యాల కొత్తదేనా అయ్యగారూ?'