ఊరగాయ డబ్బా చెప్పే రసాయన శాస్త్రం

2023 జులై 7న అమెరికా తన దగ్గరున్న చివరి రసాయన ఆయుధాన్ని నాశనం చేసిందని కర్నూలులో మా ఇంటర్ పిల్లలకు పాఠం మధ్యలో చెప్పాను. అందరూ విషం గురించి అడుగుతుంటే వెనక బెంచీ అమ్మాయి మాత్రం, "సార్, అప్పుడు వేసుకున్న గ్లౌజులు ఏం చేస్తారు?" అంది.

గ్లౌజులొక్కటే కాదు. రక్షణ సూట్లు, పైపులు, గాలిని వడకట్టిన బొగ్గు, చెక్క పలకలు, కడిగిన నీళ్లు... ఆయుధాన్ని నాశనం చేసే పనిలో విషం సోకిన ఈ ద్వితీయ వ్యర్థాలను సబ్బు పెట్టి కడిగి పారేస్తే సరిపోదా?

పోయినేడు మామిడికాయ ఊరగాయ పెట్టిన ప్లాస్టిక్ డబ్బా ఒకటి తీయండి. వేణ్ణీళ్లు పోసి బాగా తోమండి. వాసన పోయిందనిపిస్తుంది. మూత బిగించి, మన మే నెల ఎండలో మధ్యాహ్నం దాకా ఉంచి తెరవండి. గుప్పుమంటుంది! మనం కడిగింది పైపైన. నూనెతో పాటు ప్లాస్టిక్ లోపలికి ఇంకిన వాసన వేడికి మెల్లగా బయటికొచ్చి మూత కింద పోగయింది. మా అమ్మ ఊరగాయను పింగాణీ జాడీలోనే పెట్టేది, ప్లాస్టిక్ మైల అని. ఆ కారణం నేను ఒప్పుకోను గానీ, జాడీ విషయంలో ఆమెదే పైచేయి.

రసాయన ఆయుధాల్లో ఒకటైన మస్టర్డ్ గ్యాస్ కూడా ఇలాంటి జిడ్డే. ఆవాలతో దానికి సంబంధం లేదు. పేరుకే గ్యాస్, 14 డిగ్రీల దగ్గర గడ్డకట్టే ద్రవం. నీళ్లలో సరిగా కరగదు. రబ్బరులోకి, పెయింటులోకి, చెక్కలోకి ఇంకిపోతుంది. అందుకే ఆయుధాలు నాశనం చేసే చోట కూడా డబ్బా పరీక్షే చేస్తారు: వ్యర్థాన్ని సంచిలో మూసి, కొన్ని గంటలు వెచ్చగా ఉంచి, లోపలి గాలిని యంత్రంతో చూస్తారు. బయటికి పంపవచ్చా, అక్కడే మళ్లీ శుద్ధి చేయాలా అన్నది ఆ గాలే తేలుస్తుంది. బొగ్గుతో ఇంకా తంటా. ఒక్క గ్రాము ఉత్తేజిత బొగ్గు లోపలి ఉపరితలం సుమారు వెయ్యి చదరపు మీటర్లు, అంటే దాదాపు పాతిక సెంట్ల చేను!

ఇక నీళ్లు. కొలరాడోలోని ప్యూబ్లోలో మస్టర్డ్‌ను వేడినీళ్లలో కలిపారు. మస్టర్డ్ అణువులోని గంధకం క్లోరిన్ పట్టుకున్న కార్బన్ మీదికే వంగి, ఆ క్లోరిన్‌ను తన్నేసి, మూడు పరమాణువుల వలయం కడుతుంది. నీరు ఆ వలయాన్ని విప్పుతుంది. రెండు కొసలా ఇదే జరిగితే థయోడైగ్లైకాల్, హైడ్రోక్లోరిక్ ఆమ్లం మిగులుతాయి. ఆ థయోడైగ్లైకాల్‌ను బ్యాక్టీరియాకు మేతగా వేశారు. దాన్నుంచి మళ్లీ మస్టర్డ్ తయారు చేసే వీలుంది కాబట్టి రసాయన ఆయుధాలను నిషేధించే అంతర్జాతీయ ఒప్పందంలో అది రెండో షెడ్యూల్‌లో, అంటే నిఘా పెట్టాల్సిన రసాయనాల రెండో జాబితాలో ఉంది. మన దేశం కూడా 1997లో మస్టర్డ్ నిల్వలు ప్రకటించి, 2009కల్లా వాటిని పూర్తిగా నాశనం చేసింది.

రవాణా సంగతి మరీ విచిత్రం. అమెరికా చట్టం ప్రకారం రసాయన ఆయుధం రాష్ట్రం దాటకూడదు. దాన్ని చంపిన నీళ్లు దాటవచ్చు. ఇండియానాలోని న్యూపోర్ట్‌లో వీఎక్స్ అనే నరాల విషాన్ని కాస్టిక్ సోడాతో విరగ్గొట్టి, మిగిలిన ద్రవాన్ని 2007, 2008లలో టెక్సస్‌లోని పోర్ట్ ఆర్థర్‌కు లారీల్లో పంపి కాల్చారు. జనం కోర్టుకెక్కారు. ఆ ద్రవంతో ముఖ్య ప్రమాదం చర్మాన్ని కాల్చే క్షార గుణం. మన 44వ నంబరు హైవే మీద యాసిడ్ ట్యాంకర్ల వెనక, చేతి మీద చుక్క పడి తినేస్తున్న బొమ్మ ఉంటుంది చూడండి, ఆ తరగతి సరుకే.

ఇదంతా చెప్పి, "సంచి గాలి బాగా లేకపోతే గ్లౌజులను మళ్లీ శుద్ధి చేస్తారమ్మా" అన్నాను.

"శుద్ధి చేసేవాళ్లు కూడా గ్లౌజులు వేసుకుంటారు కదా సార్?"