అభిమాన రచయిత మన చుట్టం కాదు: ఫాంటసీ, సైన్స్ ఫిక్షన్ పాఠకుల అపోహలు - వాస్తవాలు

ఏలూరు రోడ్డు పుస్తకాల షాపుల్లో, జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం స్టాళ్ల దగ్గర, గుంటూరు బ్రాడీపేట కాలేజీ పిల్లల కబుర్లలో ఒకే రకం మాటలు వినపడుతుంటాయి. "మా వాడు ఆరో పుస్తకం ఇంకా తెమల్చట్లేదండీ." "ఆయన పోయాక ఆ పుస్తకాలు మళ్లీ ముట్టుకోలేదు." "ఆవిడ సంగతి తెలిశాక అన్నీ అటకెక్కించేశా." తెలియనివాళ్లు వింటే ఇంటి గొడవలనుకుంటారు. మాట్లాడుతున్నది ఎప్పుడూ కళ్లతో చూడని ఇంగ్లీషు రచయితల గురించి. పుస్తకాలు అమ్మేవాళ్లకీ, అద్దెకిచ్చేవాళ్లకీ, చదువరుల బృందాలు నడిపేవాళ్లకీ తరచూ ఎదురయ్యే అపోహలు ఇవి. కొన్నిటికి ఒక్క ముక్క చాలు, కొన్నిటికి కాస్త వివరం కావాలి.

అపోహ: ఇదంతా సినిమా హీరో అభిమానం లాంటిదే. కుర్రతనం, పోతుందిలే.

వాస్తవం: లెక్క వేసి చూడండి. రాబర్ట్ జోర్డాన్ మొదలుపెట్టిన 'వీల్ ఆఫ్ టైమ్' 14 సంపుటాలు, సుమారు 44 లక్షల మాటలు. నిమిషానికి 250 మాటల చొప్పున చదివినా 290 గంటలు దాటుతుంది. రోజుకో గంట పెడితే దాదాపు పది నెలలు. ఒక హీరోతో అంతసేపు గడపాలంటే రెండున్నర గంటల సినిమాలు 115 పైన చూడాలి. పైగా ఇక్కడ వినిపించే గొంతు మన తలలోదే.

ఇంకో కారణం కూడా ఉంది. సామాజిక నవలలో వీధి, వాకిలి, భోజనం మనకు తెలిసినవే కాబట్టి సగం పని మన అనుభవమే చేసిపెడుతుంది. ఫాంటసీలో నది పేరూ, నెల పేరూ, మంత్రానికుండే నియమమూ రచయిత చెబితేనే తెలుస్తాయి. మూడో సంపుటంలో ఒక ఉంగరం కనపడితే మొదటి సంపుటంలో దాన్ని ఎవరు పారేశారో గుర్తుండాలి. ఇంత కష్టపడి కట్టుకున్న లోకం కాబట్టే పాఠకుడికి అది సొంత ఊరైపోతుంది. ఆ ఊరి కబురు చెప్పగలిగే మనిషి ప్రపంచంలో ఒక్కరే ఉన్నప్పుడు ఆ ఒక్కరి మీద ఆపేక్ష పెరగదా? 1956లో డొనాల్డ్ హోర్టన్, రిచర్డ్ వోల్ అనే పరిశోధకులు రేడియో, టీవీ వాళ్లతో జనం పెంచుకునే ఇలాంటి ఒకవైపు పరిచయాన్ని వివరించి 'పారాసోషల్' అని పేరు పెట్టారు. అది జబ్బేమీ కాదు. అవతలివైపు నుంచి కూడా మనకేదో బాకీ ఉందనుకున్నప్పుడే తంటా మొదలవుతుంది.

అపోహ: రచయిత ఫొటో, ఇంటర్వ్యూ, సోషల్ మీడియా లేకపోతే ఇంత అభిమానం పుట్టదు.

వాస్తవం: 'చందమామ' సీరియళ్లు చదివినవాళ్లను అడగండి. 1954లో వచ్చిన 'తోకచుక్క' దగ్గర్నుంచి 'మకరదేవత', 'రాకాసిలోయ', 'పాతాళదుర్గం', 'భల్లూక మాంత్రికుడు' దాకా నెలనెలా పోస్టుమాన్ కోసం గుమ్మంలో కాచుకున్న తరాలున్నాయి. రాసినాయన పేరు పత్రికలో వేసేవారు కాదు. ఆయన దాసరి సుబ్రహ్మణ్యం, తెనాలి వైపు పెదగాదెలవర్రు ఆయన స్వగ్రామం. 1952లో చందమామలో చేరి యాభై ఏళ్లకు పైగా అక్కడే పనిచేశారు. 2010 జనవరిలో విజయవాడలో కన్నుమూశారు. చాలామంది పాఠకులకు ఆయన పేరు తెలిసింది తమ జుట్టు నెరిశాకే. అప్పటిదాకా ఆ ప్రేమ ఏ పేరూ లేకుండానే బతికింది. 'తెలుగులో ఫాంటసీ ఎక్కడుందండీ' అని పెదవి విరిచేవాళ్లకూ ఇదే జవాబు.

ఈ సీరియళ్లు ఇప్పటి పిల్లలకు ఇచ్చేటప్పుడు ఒక పొరపాటు జరుగుతుంటుంది. మొత్తం సంపుటం చేతిలో పెడితే ఒక్క పూటలో ఊదిపారేసి, మర్నాటికి మర్చిపోతారు. అవి నెలకో భాగం చొప్పున రాసినవి. ప్రతి భాగం ఒక ఆపద అంచున ఆగుతుంది. రోజుకు ఒక్క భాగమే చదివి వినిపించి, సరిగ్గా అక్కడ పుస్తకం మూసేయండి. రెండో రోజు వాళ్లే వెంటపడతారు.

అపోహ: ఆయన పుస్తకాలన్నీ చదివాం, మనిషి ఎలాంటివాడో మాకు తెలుసు.

వాస్తవం: జేమ్స్ టిప్ట్రీ జూనియర్ సంగతి వినండి. 1968 నుంచి అమెరికా సైన్స్ ఫిక్షన్ పత్రికల్లో కథలు వచ్చాయి, అవార్డులు వచ్చాయి, తోటి రచయితలతో ఏళ్ల తరబడి ఉత్తరాలు నడిచాయి. మనిషిని మాత్రం ఎవరూ చూడలేదు. ఆడవాళ్లయి ఉండవచ్చని కొందరు అనుమానిస్తే, ఆ రచనలో మగతనం ఉట్టిపడుతోందని రాబర్ట్ సిల్వర్‌బర్గ్ 1975లో టిప్ట్రీ కథల సంపుటికి రాసిన ముందుమాటలోనే వాదించాడు. 1976 చివర్లో ఆ రచయిత తల్లి చనిపోయారు. పత్రికల్లో వచ్చిన మరణవార్తలోని వివరాలు టిప్ట్రీ ఉత్తరాల్లో చెప్పుకున్న వాటితో సరిపోయాయి. టిప్ట్రీ అంటే ఆలిస్ షెల్డన్ అనే అరవై దాటిన మహిళ. రచనలో చేయి తిరిగినవాళ్లే అంత నమ్మకంగా పొరబడితే మనమెంత?

అపోహ: డబ్బిచ్చి అయిదు భాగాలు కొన్నాం, ఆరోది రాయడం ఆయన బాధ్యత.

వాస్తవం: కొన్న భాగాలకే డబ్బిచ్చాం, అవి మన దగ్గరే ఉన్నాయి. జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ 'ఎ సాంగ్ ఆఫ్ ఐస్ అండ్ ఫైర్' సిరీస్‌లో సంపుటాలు వచ్చిన ఏళ్లు చూడండి: 1996, 1998, 2000, 2005, 2011. ఎడం పెరుగుతూ పోయింది, ఆ తర్వాత ఆగింది. పాత్రలు, దారులు, కుట్రలు సంపుటానికి కొన్ని చొప్పున పెరిగితే ముడులు విప్పడం అన్ని రెట్లు కష్టమవుతుంది. తొందరపెట్టే ఉత్తరాలు ఆ ముడుల్లో ఒక్కటీ విప్పవు.

ఒత్తిడి ఎప్పుడూ పనిచేయదని కాదు. ఐజాక్ అసిమోవ్ 'ఫౌండేషన్' మూడో పుస్తకం 1953లో వచ్చింది. పాఠకులూ ప్రచురణకర్తలూ అడగ్గా అడగ్గా 1982లో నాలుగోది రాశాడు. బాగా అమ్ముడుపోయింది, మరుసటేడు హ్యూగో అవార్డు కూడా వచ్చింది. కానీ అది 29 ఏళ్ల సంగతి. మొదటి మూడూ చదివినవాళ్లు కొందరు తాతలైపోయారు.

ఎదురుచూపులో అసలు నష్టం వేరే. పదేళ్లు ఆగిన పాఠకుడు ముగింపును తనే పది రకాలుగా కట్టేసుకుంటాడు. తీరా అచ్చయిన పుస్తకం వాటిలో దేనితోనూ సరిపోదు, అప్పుడు 'చెడగొట్టాడు' అంటాడు.

చేయాల్సిన పని ఇది. సిరీస్ మొదలుపెట్టే ముందు పూర్తయిందో లేదో చూడండి. కాకపోతే కథ ఎక్కడ కాస్త మజిలీకి చేరుతుందో ముందే చదివినవాళ్లను కనుక్కోండి. మార్టిన్ దగ్గరైతే మూడో సంపుటం చివర ఆగవచ్చు, చాలా లెక్కలు అక్కడ తేలతాయి. ప్రతి సంపుటం అయిపోగానే ఒక కాగితం మీద పది పన్నెండు వరుసలు రాసి వెనక అట్ట లోపల పెట్టుకోండి: ఎవరు బతికున్నారు, ఎవరెక్కడ ఉన్నారు, తేలని ప్రశ్నలేమిటి. జిగురు పెట్టి అంటించకండి, పురుగు దానికే వస్తుంది. ఆరేళ్ల తర్వాత కొత్త భాగం వస్తే 900 పేజీలు మళ్లీ తిరగేసే పని తప్పుతుంది.

అపోహ: రచయిత పోయినా మిగిలింది ఎవరో ఒకరు పూర్తిచేస్తారు.

వాస్తవం: అది రచయిత ఇష్టం, ఆయన వదిలిన సామగ్రి, ఇంట్లోవాళ్ల ఓపిక, మూడూ కలిస్తేనే జరుగుతుంది. జోర్డాన్ 2007 సెప్టెంబరులో చనిపోయాడు. జబ్బు సంగతి ముందే తెలుసు కాబట్టి నోట్సు రాసిపెట్టాడు, చివరి ఘట్టాలు చెప్పి రాయించాడు. భార్య హేరియట్ మెక్‌డూగల్ ఆయన ఎడిటర్ కూడా. జోర్డాన్‌కు నివాళిగా బ్రాండన్ శాండర్సన్ రాసుకున్న నాలుగు మాటలు చూసి ఆయన్ను ఎంచుకుంది. ఒక్క పుస్తకమనుకున్నది మూడైంది, చివరిది 2013 జనవరిలో వచ్చింది.

'డిస్క్‌వరల్డ్' హాస్య ఫాంటసీ నవలలు రాసిన టెరీ ప్రాచెట్ దీనికి పూర్తిగా ఎదురు. అల్జీమర్స్ ఉందని 2007 డిసెంబరులో తనే ప్రకటించాడు. 2015 మార్చి 12న పోయాడు. పూర్తికాని రచనలు ఎవరి చేతా పడకూడదన్నది ఆయన కోరిక. 2017 ఆగస్టులో ఇంగ్లండ్‌లో ఒక ఆవిరి యంత్రాల తిరునాళ్లలో ఆయన హార్డ్‌డిస్కును పాతకాలపు రోడ్డు రోలరు కింద పెట్టి తొక్కించారు. పాఠకుల గుండెలు కూడా దాని కిందే నలిగాయి గానీ, ఆయన రాత మీద హక్కు ఆయనదే.

అపోహ: చూడని మనిషి పోతే ఏడవడం నాటకం.

వాస్తవం: 290 గంటల లెక్క పైన చూశారు కదా. ప్రాచెట్ పోయాక ఆయన పాఠకుల్లో కంప్యూటర్ పనివాళ్లు ఒక పని చేశారు. 2004 నాటి ఆయన నవల ఒకదానిలో సంకేతాలు చూపే గోపురాల మీదుగా వార్తలు పంపుతుంటారు. పోయిన ఉద్యోగి పేరు ఆగకుండా గోపురం నుంచి గోపురానికి తిరుగుతూనే ఉండేలా ఒక సంకేతం జోడిస్తారు. అదే సంకేతంతో ఆయన పేరును వెబ్‌సైట్ల సర్వర్లు పంపే హెడర్లలో కలిపారు. తెరమీద కనపడదు, పేజీ తెరిచిన ప్రతిసారీ వెళ్తుంటుంది. దుఃఖానికి ఇలా చేతినిండా పని దొరకడమే మంచిది. బృందాల్లోనైతే సంతాప సభ పెట్టి ఉపన్యాసాలు ఇప్పించకండి. ఒక్కొక్కరిని తమకిష్టమైన ఒక పేజీ తెచ్చి చదవమనండి. మనిషికి మూడు నిమిషాలు, పదిమందికి అరగంట.

అపోహ: రచయిత మీద ఘోరమైన ఆరోపణ వస్తే పుస్తకాలు తగలెయ్యాలి. లేదా, రచన వేరు మనిషి వేరు అని పట్టించుకోకూడదు.

వాస్తవం: రెండూ చర్చను ఎగ్గొట్టే దారులే. మేరియన్ జిమ్మర్ బ్రాడ్లీ 1999లో చనిపోయింది. చిన్నప్పుడు తల్లి తనను లైంగికంగా హింసించిందని 2014లో ఆమె కూతురు బయటపెట్టింది. బ్రిటన్‌లో ఆమె ఈ-బుక్కులు వేసే గోలాంజ్ సంస్థ వాటి మీద వచ్చే ఆదాయాన్ని పిల్లల సంక్షేమ సంస్థకు ఇస్తామని ప్రకటించింది. హెచ్.పి. లవ్‌క్రాఫ్ట్ జాతివివక్ష రాతల మీద అభ్యంతరాలు పెరిగి, వరల్డ్ ఫాంటసీ అవార్డుగా ఇచ్చే ఆయన తల బొమ్మను 2015 తర్వాత మార్చేశారు. పుస్తకాలు మాత్రం అచ్చవుతూనే ఉన్నాయి.

బృందంలో ఇలాంటి పుస్తకం వచ్చినప్పుడు ముందు అయిదు నిమిషాలు నిజానిజాలకు కేటాయించండి. ఆరోపణ ఏది, ఒప్పుకున్నది ఏది, కోర్టు తేల్చింది ఏది, మూడూ విడివిడిగా చెప్పండి. చదవనన్నవాళ్లను కారణం అడగకండి. ఆ తర్వాతే పుస్తకం. డబ్బు వెళ్లకూడదనుకునేవాళ్లు పాత కాపీ కొనుక్కోవచ్చు, దాని మీద రాయల్టీ ఉండదు. మన చట్టంలో కాపీరైటు రచయిత పోయాక 60 ఏళ్లు నడుస్తుంది. లవ్‌క్రాఫ్ట్ పోయింది 1937లో కాబట్టి ఆయన్ను చదివినా కొన్నా ఆయన వారసులకు పైసా పోదు.

అపోహ: నాకిష్టమైన రచయితను ఎవరికైనా పరిచయం చేయాలంటే మొదటి పుస్తకంతోనే మొదలెట్టించాలి.

వాస్తవం: కొత్తవాళ్లను పోగొట్టుకునేది ఇక్కడే. ప్రాచెట్ డిస్క్‌వరల్డ్‌లో 41 నవలలు. 1983 నాటి మొదటిది అప్పటి ఫాంటసీల మీద వేళాకోళం. ఆ ఫాంటసీలు తెలియనివాళ్లకు నవ్వు రాదు. 1987 నాటి 'మోర్ట్' ఇస్తే దిగుతారు. అర్సులా లెగ్విన్ అయితే 1968 నాటి మొదటి 'ఎర్త్‌సీ' పుస్తకమే సరైనది, రెండు వందల పేజీలకు అటూ ఇటూ. కొలత ఒకటే: పల్చగా ఉండాలి, కథ అందులోనే ముగియాలి. ఇచ్చాక వారానికోసారి 'ఎంతవరకు వచ్చింది' అని అడిగారంటే ఇక ఆ పుస్తకం తిరిగిరాదు.

అపోహ: ఫుట్‌పాత్ మీద సగం ధరకు దొరికే కొత్త పుస్తకం కొనడమూ అభిమానమే కదా.

వాస్తవం: పాత పుస్తకం వేరు, దొంగ ముద్రణ వేరు. లెనిన్ సెంటర్ లాంటి చోట్ల పాత పుస్తకాలు కొనడం బంగారం లాంటి అలవాటు. కొత్తగా మెరుస్తూ, ప్లాస్టిక్ చుట్టి, అసలు ధరలో మూడో వంతుకే ఇస్తున్నారంటే మాత్రం తెరిచి చూడండి. అక్షరాల అంచులు మసగ్గా ఉంటాయి, వెనక పేజీ ముద్రణ ఇటు కనపడుతుంది, మార్జిన్లు ఒక పేజీకి ఎక్కువ, ఇంకో పేజీకి తక్కువ ఉంటాయి. ఫాంటసీలో ముఖ్యంగా మ్యాపులు చదవడానికి రావు. 16 లేదా 32 పేజీల కట్ట ఒకటి ఎగిరిపోవడమూ మామూలే, అది తెలిసేది యుద్ధం మధ్యలోనే. పేపర్‌బ్యాక్ మీద రచయితకు సాధారణంగా దక్కేది 7.5 నుంచి 10 శాతం. దొంగ కాపీ మీద అదీ లేదు.

అపోహ: రచయితకు ఉత్తరంతోపాటు మంచి కథ ఐడియా పంపితే సంతోషిస్తారు.

వాస్తవం: చదవకుండానే పక్కన పెట్టేవాళ్లే ఎక్కువ. రేపు అలాంటి కథే రాస్తే 'నాది కొట్టేశారు' అంటారని వాళ్ల భయం. ఒక్క పేజీ రాయండి. ఏ పుస్తకంలో ఏ ఘట్టం ఎందుకు నచ్చిందో చెప్పండి, తర్వాతి భాగం ఎప్పుడని అడగకండి, ప్రచురణకర్త చిరునామాకు పంపండి. తెలుగు రచయితలకైతే ఇంత తతంగం అక్కర్లేదు, జనవరిలో స్టాలు దగ్గరే దొరుకుతారు. ఆ ఘట్టం గురించి రెండు మాటలు చెబితే వాళ్లకు అదే పదివేలు.

అపోహ: సంతకం పెట్టించుకున్న పుస్తకం తడిస్తే వెంటనే ఎండలో పెట్టాలి.

వాస్తవం: 2024 సెప్టెంబరులో బుడమేరు సింగ్‌నగర్, పాయకాపురం ఇళ్లలోకి వచ్చినప్పుడు బీరువాల కింది అరలు ముందు మునిగాయి. ఎండలో పెడితే అట్ట వంకర తిరుగుతుంది, వెన్ను జిగురు పగిలి పేజీలు రాలతాయి. నీడలో, ఫ్యాను గాలికి, పేజీలు విచ్చుకునేలా నిలబెట్టండి. ఇరవై పేజీలకొకటి చొప్పున అచ్చులేని తెల్లకాగితం పెట్టి, అది తడిసినప్పుడల్లా మార్చండి. న్యూస్‌పేపర్ వద్దు, సిరా అంటుతుంది. నున్నటి ఆర్ట్ పేపర్ బొమ్మలుంటే ప్రతి పేజీ మధ్యా బటర్ పేపర్ పెట్టాలి, లేకపోతే ఆరాక అతుక్కుపోయి ఊడిరావు. రెండు రోజులు దాటితే బూజు మొదలవుతుంది. పుస్తకాలు ఎక్కువుండి చేతులు చాలకపోతే ఒక్కొక్కటీ ప్లాస్టిక్ కవరులో వేసి ఫ్రీజర్‌లో పెట్టి, తీరికగా ఒక్కొక్కటే తీసి ఆరబెట్టుకోవచ్చు. బూజు అక్కడితో ఆగుతుంది.

మామూలు రోజుల్లో అర గోడకు రెండు మూడు అంగుళాల ఎడం ఉండాలి, కింది అర నేలకు అడుగు పైన ఉండాలి. చిరిగిన పేజీకి సెలోటేప్ వేయకండి, రెండు మూడు ఎండాకాలాలకు దాని జిగురు పసుపు చారగా కాగితంలోకి ఇంకుతుంది. ఇక సంతకం విషయం. ఫౌంటెన్ పెన్నుల సిరా చాలావరకు, కొన్ని జెల్ పెన్నుల సిరా కూడా నీళ్లు తగలగానే పారిపోతుంది. బాల్‌పెన్ సిరాలో నూనె ఉంటుంది కాబట్టి నిలుస్తుంది. పుస్తక మహోత్సవానికి వెళ్లేటప్పుడు జేబులో ఒక బాల్‌పెన్ పెట్టుకోండి, రచయిత తన ఫౌంటెన్ పెన్ను తీసేలోపే అందించండి.